కుడిపక్క గడి

జబ్బు మనిషికి లోపలి గొంతు ఎంత గట్టిగా వినిపిస్తోందో సున్నా నుంచి పది దాకా ఒక అంకెలో చెప్పమనేది మా ఫారంలో ఒక ప్రశ్న. నేను మాత్రలు అందించే ఒకాయన ఒక్కసారి కూడా అంకె చెప్పలేదు. దూరం చెప్పేవాడు.

"వాగు అవతల ఉన్నడు దీదీ" అనేవాడు ఒక నెల. ఇంకో నెల "మడికట్టు దాకా వచ్చిండు" అనేవాడు. బాగాలేని నెలలో తల ఎడమవైపుకి వంచి, ఆ చెవి మీద అరచెయ్యి మూసి, "ఇగో, ఈడనే" అనేవాడు.

మొదట్లో నాకు చిరాకేసేది. అంకె వేయాల్సిన చోట వాగు అని రాసుకెళ్తే లెక్కలు చూసేవాళ్లు ఏం చేసుకుంటారు? చివరికి నేనే ఒక పట్టిక తయారుచేసుకున్నాను. చెవిలో అంటే పది. గుమ్మం దగ్గర ఎనిమిది. మడికట్టు ఐదు. వాగు అవతల రెండు. ఆ పట్టిక చూసి మా డాక్టరుగారు అందరి ముందూ మెచ్చుకున్నారు. నేను పొంగిపోయాను. అంత తేలిగ్గా పొంగిపోయే మనిషినని ముందే చెప్పేయడం మంచిది. తరవాత జరిగినదానికి అది కూడా ఒక కారణం.

ఆయన పోయాడని నాకు పోయిన వారం తెలిసింది. వేరే పని మీద కోంటా వెళ్తూ ఎర్రబోరులో టీ కోసం జీపు ఆపితే, ఆయన ఊరి మితానిన్ కనబడింది. ఊళ్లో జ్వరాలకీ కాన్పులకీ ముందుగా పరుగెత్తే ఆడమనిషిని ఇక్కడ మితానిన్ అంటారు. నన్ను చూసి నవ్వబోయి ఆగిపోయింది.

"నీకు తెల్వదా దీదీ? మన జీలుగాయన పోయిండు. చెట్టు మీదికెళ్లి పడ్డడు. నెల దాటింది."

"ఏ చెట్టు?" అన్నాను.

అడగాల్సింది అది కాదు. కానీ నోట్లోంచి అదే వచ్చింది. ఆయనకున్నవి కల్లు గీసే జీలుగు చెట్లు రెండే. ఇంటెనక ఒకటి, వాగు ఒడ్డున ఒకటి. రెండూ నాకు తెలుసు.

"ఇంటెనకది. కొసకి, మొవ్వు దాకా పోయిండంట. ఆడ గీసేది ఏముంది? ఎందుకు పోయిండో ఏమో."

ఎందుకు పోయాడో నాకు తెలుసు. నాకూ, ఆయన భార్యకీ, మా డాక్టరుగారికీ తప్ప ఇంకెవరికీ సరిగ్గా తెలియదేమో. డ్రైవర్ని కోంటా వెళ్లిపొమ్మని చెప్పి, నేను అక్కడే దిగిపోయాను.

నాది బచేలి. మా నాన్న ఆంధ్ర నుంచి ఇనుప గనిలో పనికి వచ్చి, కంపెనీ క్వార్టర్లో ఉండిపోయాడు. నేను సైకాలజీ చదివి, తెలుగూ హిందీ రెండూ వచ్చన్న అర్హతతో ఒక పరిశోధనలో చేరాను. తాగుడూ ఉండి, ఎవరికీ వినబడని గొంతులు వినబడే జబ్బూ ఉన్నవాళ్లకి, ఒకటి తగ్గాక ఇంకొకటి అనకుండా రెండింటికీ కలిపి వైద్యం చేస్తే ఎలా ఉంటుందన్నది ఆ పరిశోధన. మందులు నిర్ణయించేది డాక్టర్లు. నెలకోసారి ఊళ్లు తిరిగి, మాత్రలు అందించి, ప్రశ్నలు అడిగి, ఫారాలు నింపుకొచ్చేది నేను. పోలీసు క్యాంపు దగ్గర బ్యాగు విప్పి చూపించి, రోడ్డు ఆగిపోయిన చోట జీపు దిగి, గంటసేపు నడిస్తే ఆయన ఊరు వచ్చేది.

ఆ ఊళ్లో నా పేరు కాయితాల దీదీ. పెట్టింది ఆయనే. నేను కనబడగానే లేచి, ఇంటి ముందు నేలని అరచేత్తో తుడిచి చదును చేసేవాడు. మంచం ఉండేది. మంచం మీద కూర్చుంటానంటే ఒప్పుకునేవాడు కాదు. మంచం మీద కూర్చుని రాస్తే అక్షరాలు ఊగుతాయట. నేల తుడిచాక ఒక్క చిన్న రాయి కూడా మిగల్లేదని రెండోసారి తడిమి చూసుకుని, అప్పుడు "కూసో" అనేవాడు.

నాకంటే పదేళ్లు పెద్ద. నేను "అన్నా, మీరు" అంటూ మాట్లాడేదాన్ని. మా ఇంట్లో పెంపకం అలాంటిది. మొదటి నెల ఊరుకున్నాడు. రెండో నెల ఫారం మధ్యలో ఆపి అడిగాడు.

"దీదీ, మీరు మీరు అంటున్నవ్. నేనొక్కన్నే గదా ఉన్నది. లోపలోన్ని గూడ కలిపి పిలుస్తున్నవా ఏంది?"

నాకు నవ్వాలో మానాలో తెలియలేదు. ఆయనే నవ్వేశాడు. పై పళ్లలో ఒకటి లేదు, ఆ సందులోంచి గాలి వచ్చేది. జబ్బు మనిషిని చూసి నవ్వకూడదని మా శిక్షణలో చెప్పారు. జబ్బు మనిషే నవ్విస్తే ఏం చెయ్యాలో చెప్పలేదు.

మా ఫారంలో ఇంకో ప్రశ్న ఉండేది. చనిపోయినవాళ్లు మీతో మాట్లాడుతున్నట్టు అనిపిస్తుందా అని. ఆ ఊళ్లో ఎవర్ని అడిగినా అవునంటారు. ఇంట్లో పెద్దలు ఉంటారు, పండక్కి వాళ్ల వాటా వాళ్లకి పెడతారు, వాళ్లు చెప్పాల్సింది చెబుతారు. అందరికీ అవునని రాసుకుంటూ పోతే ఊరు ఊరంతా జబ్బు మనుషులే. నా తిప్పలు చూసి ఆయనే దారి చెప్పాడు.

"పెద్దోళ్లు అందరికి సంబంధం దీదీ. మా అన్నకి చెప్తరు, నాకు చెప్తరు, పూజ చేసే వడ్డె అడిగితే ఆయనకి గూడ చెప్తరు. వీడు నాకొక్కనికే. వీడు మావోడు కాదు."

పెద్ద పెద్ద పుస్తకాల్లో నాలుగు పేజీలు పట్టే సంగతి అది. నేను ఇంటికెళ్లి మళ్లీ చదువుకుని చూశాను, నాలుగు పేజీల్లోనూ ఇంతకంటే ఏమీ లేదు.

ఆయన వృత్తి జీలుగు గీయడం. కణుపులున్న వెదురు బొంగు ఒకటి చెట్టుకి ఆనించి, దాని మీద కాలు పెట్టి ఎక్కేవాడు. నడుముకి కత్తి, భుజానికి సొరబుర్ర. ఆయన వినే గొంతుకి వేరే పనేమీ లేదు. చెట్టెక్కినప్పుడు పైనుంచి పిలుస్తుంది. ఇంకా రా, ఇంకా పైకి రా, చెట్టు ఇంకా ఉంది అని. కల్లు కుండ కట్టే చోటు దాటిపోయాక కూడా చెట్టు ఇంకా ఉందనే చెబుతుంది.

ఒకసారి అలాగే మొవ్వు దాకా వెళ్లిపోయి, ఆకు మట్టల మధ్య నిలబడి, పైన ఏమీ లేని చోటుకి చెయ్యి చాపాడట. కింద ఆయన భార్య నిలబడి పిలిచింది. అరిస్తే బెదురుతాడని అరవలేదు. ఇంట్లో ఉప్పు లేదనీ, మేక ఈనేలా ఉందనీ, వాళ్ల అక్క కబురంపిందనీ, రోజూ చెప్పే మాటలే కింద నుంచి చెబుతూ ఉందట. చెప్పి చెప్పి కిందికి దింపింది. నాకీ సంగతి చెప్పేటప్పుడు ఆవిడ ఇప్పపూలు ఎండబోస్తోంది. చెప్పడం అయిపోయినా పూలు పరుస్తూనే ఉంది, నావైపు చూడలేదు.

ఆ గొంతుని ఆపడానికే తాగేవాడు. తన కల్లు, ఊరివాళ్ల ఇప్పసారా, ఏది దొరికితే అది. తాగినప్పుడు కాసేపు ఊరుకునేది, తెల్లారేసరికి ఇంకా దగ్గరికొచ్చేది. రెండూ కలిసి ఆయన్ని పీక్కుతినేవి. మా పరిశోధనకి కావాల్సిన మనిషి సరిగ్గా ఇలాంటివాడే.

మాత్రలు మొదలుపెట్టినప్పుడు డాక్టరుగారు రెండు షరతులు చెప్పారు. చుక్క కూడా తాగకూడదు, ఆ మాత్రకీ మత్తుకీ పడదు, ప్రాణం మీదికి వస్తుంది. పరిశోధన జరిగినన్నాళ్లూ ఎవరైనా తాగినట్టు తేలితే వాళ్లని ఆపేస్తారు, అది వాళ్ల మంచికే. రెండోది, చెట్టెక్కడం మానెయ్యాలి. మొదటి దానికి ఆయన వెంటనే తలూపాడు. రెండో దానికి నావైపు తిరిగి, "డాక్టరు బాబు నా బదులు ఎక్కుతడా అడుగు" అన్నాడు. నేను మర్యాదగా మార్చి చెప్పాను. డాక్టరుగారు నిట్టూర్చి, కాగితం మీద ఏదో రాసుకున్నారు.

మానేశాడు. చెట్టెక్కడం కాదు, తాగుడు. అంత గట్టిగా మానేసినవాళ్లని నేను ఇంకెక్కడా చూడలేదు. మొదటి పది రోజులూ ఒళ్లంతా వణికి, తిన్నది నిలవక, దుప్పటి కొరుక్కుంటూ గడిపాడని మితానిన్ చెప్పింది. పెళ్లిళ్లకి వెళ్లడం మానేశాడు. పొద్దున కల్లు దించి, అడిగినవాళ్లకి పోసి, తను మాత్రం ఒక చెంబుడు నీళ్లు పెట్టుకుని దూరంగా కూర్చునేవాడట. మాత్ర వేసుకునేటప్పుడు కోడి నీళ్లు తాగినట్టు తల పూర్తిగా వెనక్కి వాల్చి మింగేవాడు. ఖాళీ అట్టలు పారేసేవాడు కాదు. ఇంటి కప్పు కింద తాటాకుల సందులో వరసగా దోపి ఉంచి, నేను వెళ్లగానే ఒక్కొక్కటీ తీసి నా ముందు పరిచేవాడు. వేలిముద్ర వేశాక అది ఆరేదాకా కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని ఊదుతూ కూర్చునేవాడు. ఆ సంవత్సరంలో నా ఫారాలన్నిటిలోనూ చెదరని వేలిముద్రలు ఆయనవే.

గొంతు దూరం జరుగుతూ వచ్చింది. గుమ్మం నుంచి మడికట్టుకి, మడికట్టు నుంచి వాగుకి. శీతాకాలంలో ఒక నెల వెళ్లేసరికి ఆయన నేల తుడవలేదు. నేనే ఒక చోటు చూసుకుని కూర్చున్నాను. ఎంత దూరంలో ఉన్నాడని అడిగాను.

"ఈ నెల లేడు" అన్నాడు.

"వాగు అవతల కూడా?"

"వాగు అవతల పోయి చూసొచ్చిన. ఆడ గూడ లేడు."

చెప్పి తల వంచుకున్నాడు. కాసేపటికి చూస్తే ఏడుస్తున్నాడు. భార్య వచ్చి పక్కన కూర్చుని, ఆయన వీపు మీద చెయ్యి వేసింది. నేను సున్నా వేశాను. ఆ సున్నాని కాస్త పెద్దగానే వేశాను. నాకు ఉద్యోగంలో అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు, ఇకమీద కలగదు కూడా.

ఇప్పుడు ఆ గడి సంగతి చెప్పాలి.

మా ఫారంలో ప్రతి ప్రశ్నకీ రెండు గడులు. ఎడమపక్క మనిషి చెప్పింది రాయాలి. కుడిపక్క మేం కళ్లతో చూసింది రాయాలి. నాతోపాటు తిరిగేవాళ్లంతా కుడిపక్క ఒక గీత గీసి ఊరుకునేవాళ్లు. ఎర్రటి ఎండలో అన్ని మైళ్లు నడిచి, ఏం చూశామో కూడా రాయాలంటే ఎవరికి ఓపిక? నేను మాత్రం నింపేదాన్ని. చొక్కా ఉతికి ఉంది. గోళ్లు కత్తిరించుకున్నారు. కళ్లు ఎర్రగా లేవు. ఇలా. నీ ఫారాల్లో మనిషి కనబడతాడమ్మా అని డాక్టరుగారు ఒకసారి అన్నారు. ఆ మాట తలుచుకుంటూ బచేలి దాకా బస్సులో నిలబడి వెళ్లాను, కాళ్ల నొప్పి తెలియలేదు.

సంవత్సరం పూర్తి కావడానికి ఇంకా రెండు నెలలున్నాయి. తునికాకు కోతల రోజులు, ఊళ్లో ఆడవాళ్లెవరూ లేరు, ఆయన భార్య కూడా అడవిలోకి వెళ్లింది. నేను వెళ్లేసరికి నా నీళ్ల సీసా దారిలోనే ఖాళీ. ముఖం ఎలా ఉందో గానీ, ఆయన చూసి కంగారుపడ్డాడు. బోరింగు నీళ్లు ఎర్రగా వస్తున్నాయి, తాగొద్దన్నాడు. కూర్చోమని నేల తుడిచి, నేను వద్దంటున్నా వినకుండా ఇంటెనక చెట్టెక్కాడు.

నేను కింద నిలబడి చూస్తున్నాను. ఆయన ఎక్కడం అదే మొదటిసారి చూడటం. తొందర లేదు, తడబాటు లేదు. కుండ దగ్గర ఆగి, ఒక్కసారి తలెత్తి పైకి చూసి, కిందికి కేకేశాడు.

"లేడు దీదీ. ఈడ గూడ లేడు."

దిగి వచ్చాడు. ఆకు దొప్ప కుట్టి, సొరబుర్రలోంచి అందులో పోశాడు. పోసి, ముందు తను ఒక గుక్క తాగి, ఆ దొప్పని రెండు చేతులతో నాకిచ్చాడు.

నేను తాగాను. పొద్దుటి జీలుగు తియ్యగా, చల్లగా ఉంది. ఇంకోసారి కూడా పోయించుకున్నాను. ఎండలో పోతున్న ప్రాణం లేచొచ్చింది. అప్పుడు బ్యాగులోంచి ఫారం తీసి, ప్రశ్నలు మొదలుపెట్టాను.

"ఈ నెలలో కల్లు గానీ, సారా గానీ, ఒక్క గుక్కయినా తాగారా అన్నా?"

"లేదు" అన్నాడు. మీసాల మీద నురగ ఇంకా ఆరలేదు.

నా కళ్లలోకి చూసే చెప్పాడు. నాకు ఒళ్లు మండింది. ఏడాది పొడవునా ఇలాగే చెబుతున్నాడన్నమాట. నేను లేనప్పుడు ఎంత తాగుతున్నాడో, నేను పిచ్చిదానిలా సున్నాలు వేసుకుంటున్నాను అనుకున్నాను. అదేమిటన్నా, ఇప్పుడే తాగారు కదా అని ఒక్కమాట అడిగితే అయిపోయేది. అడగకూడదని శిక్షణ. మనిషి జవాబుతో వాదించకూడదు, ఏం చెప్పాలో సూచించకూడదు, చూసింది రాయాలి. ఎడమపక్క 'లేదు' అని రాశాను. కుడిపక్క, చక్కని చేతిరాతతో, 'పరిశీలకురాలి ఎదుటే ఒక గుక్క కల్లు తాగారు' అని రాశాను. పరిశీలకురాలు రెండు దొప్పలు తాగిందని రాయడానికి ఆ ఫారంలో గడి లేదు.

ఆయన వేలిముద్ర వేసి, ఆరేదాకా ఊది, నాకిచ్చాడు.

నియమం నియమమే. ఆయన్ని పరిశోధన నుంచి తప్పించారు. మా డాక్టరుగారు ఫోన్‌లో బాధపడ్డారు గానీ, నువ్వు చేసింది సరైన పనేనమ్మా, ఆ మనిషి గుండెకేమైనా అయితే మనం ఏం సమాధానం చెబుతాం అన్నారు. ఆయన మాటలోనూ తప్పు లేదు. సరైన పని అన్న మాట నాకు నచ్చింది కూడా, దాచడం ఎందుకు. మామూలు మందుల కోసం పెద్ద దవాఖానకి ఒక చీటీ రాసిచ్చారు. అది ఆయనకి అందించడానికి నేనే వెళ్లాను.

చెట్టు కింద కూర్చుని కత్తి నూరుకుంటున్నాడు. వచ్చే నెల నుంచి మా మాత్రలు రావని చెప్పాను.

"ఏం తప్పు జరిగింది?" అన్నాడు.

"మీరు తాగారన్నా. నేను చూశాను."

"ఎప్పుడు?"

"పోయినసారి. నాకు ఇచ్చే ముందు."

మొదట ఆయన నవ్వాడు. నేను ఆటపట్టిస్తున్నాననుకున్నాడు. నా ముఖం చూసి నవ్వు ఆపాడు.

"అది తాగుడు ఎట్లయితది దీదీ? ఇచ్చేటోడు ముందు నోట్ల పోసుకోకపోతే తీసుకునేటోడు ఎట్ల తాగుతడు? ఏం కలిపిండో అనుకోడా? అది నీకు నేనిచ్చే మాట."

నాకు అప్పుడు తెలిసింది. పుట్టింది ఇక్కడే, పెరిగింది ఇక్కడే, ముప్పై ఏళ్లొచ్చాయి. ఇనుప గని పక్కన కంపెనీ బడిలో చదువుకుని, ఈ చిన్న సంగతి తెలియకుండా బతికాను. ఊళ్లో ఎవరికి పోసినా ముందు తను పెదవి తడుపుకునే పోసేవాడు. తడుపుకున్నాక నీళ్లతో పుక్కిలించి ఉమ్మేవాడట. ఆ రోజు నా ముందు ఉమ్మడం బాగుండదని మింగేశాడు.

"రాసినవ్ గదా. చెరిపేయొచ్చా?"

"చెరపకూడదన్నా. పంపించేశాను కూడా."

కత్తి పక్కన పెట్టాడు. "మరి దాని కింద ఇంకోటి రాయి. కాయితాల దీదీకి దాహమైతే ఆమె కోసం అని రాయి."

రాస్తానన్నాను. రాయలేదా అంటే, ఉత్తరం రాశాను. తప్పు నాది, ఇది ఈ ప్రాంతపు ఆచారం, పునరాలోచించండి అని రాశాను. రాసి రెండు రోజులు దగ్గర పెట్టుకున్నాను. ఆయన పోసినది నేనూ తాగానని కూడా అందులో ఉంది, పంపితే నా మీదికి వస్తుంది. అది తీసేసి రాస్తే మాట నిలబడదు. ఈలోగా నన్ను ఆవపల్లి వైపు పంపారు. ఉత్తరం బ్యాగు అడుగున నలిగి పోయింది. ఇంతకంటే మంచి కారణం నా దగ్గర లేదు.

పెద్ద దవాఖానకి ఆయన ఒకసారి వెళ్లాడు. మనసు జబ్బుల డాక్టరు వచ్చే రోజు అది కాదు. తిరిగొచ్చాడు. వానలు మొదలయ్యాక ఒకరోజు ఎవరిదో ఫోన్ నుంచి నాకు చేశాడు. నేను జీపులో ఉన్నాను, మాట తెగి తెగి వస్తోంది.

"దీదీ, మడికట్టు దాకా వచ్చిండు."

ఐదు అనుకున్నాను. అలవాటు కొద్దీ ముందు అదే అనుకున్నాను.

"చీటీ జాగ్రత్తగా ఉంచండన్నా. వచ్చే నెల నేనొస్తాను. నేనే తీసుకెళ్తాను."

"నువ్వొస్తే మంచిది. నేను తాగుతలేను, చెప్పు వాళ్లకి" అన్నాడు. ఫోన్ తెగిపోయింది. వచ్చే నెల వాగులు పొంగాయి. ఆ పై నెల లెక్కలు అప్పజెప్పే పని. ఆ తరవాత, నిజం చెప్పాలంటే, వెళ్లి ఆయన ముఖం చూడటానికి నాకు మొహం చెల్లలేదు. మొహం చెల్లక నేను వెళ్లని నెలలన్నీ ఆయన చెట్టెక్కుతూనే ఉన్నాడు.

ఎర్రబోరులో దిగిపోయిన ఆ రోజు మితానిన్‌తో కలిసి ఊళ్లోకి నడిచాను. దారిలో ఆవిడ ఏదో మాట్లాడుతూనే ఉంది, నాకొక్క ముక్క తలకెక్కలేదు. ఇంటి ముందు ఆయన భార్య చేటలో బియ్యం చెరుగుతోంది. నన్ను చూసి చేట పక్కన పెట్టింది. కూర్చోమని మంచం చూపించింది. నేను కిందే కూర్చున్నాను. మితానిన్ కాసేపు ఉండి తన పని మీద వెళ్లిపోయింది.

"ఆ రోజు నేను సంతకి పోయిన" అంది ఆవిడ, నేను అడగకముందే. "ఇంటికాడ ఉంటే కింద నిలబడి మాట్లాడేదాన్ని. దిగి వచ్చేటోడు."

నేను ఏడ్చాను. ఆవిడ ఏడవలేదు. నేను ఆపేదాకా చేటలో రాళ్లు ఏరింది.

"ఒకటి అడుగుత దీదీ. మందులు ఎందుకు బంద్ చేసిండ్రు? ఆయన్ని అడిగితే, కాయితాల దీదీ పని అయిపోయింది, అందరికి బంద్ అయినయి అన్నడు. పక్క ఊళ్లె ఒకాయనకి మాత్రం ఇంకా వస్తున్నయి."

నేను రాసిన సంగతి ఆయన ఇంట్లో కూడా చెప్పలేదన్నమాట.

"పరిశోధన రూలు అక్కా. కొన్ని ప్రశ్నలుంటాయి. వాటికి జవాబు సరిగ్గా ఉంటేనే ఇస్తారు" అన్నాను. సగం నిజం చెప్పి బయటపడదామన్న బుద్ధి ఇంకా పోలేదు నాకు.

"ఏం చెప్తే ఇచ్చేటోళ్లు?"

"తాగలేదు అని చెప్పాలి."

ఆవిడకి అర్థం కాలేదు. నావైపు కొంచెం వంగి, నేనేదో మరిచిపోయి ఉంటే గుర్తుచేయాలన్నట్టు మెల్లగా అడిగింది.

"ఆయన అదే గదా చెప్పింది? ఎప్పుడడిగినా అదే చెప్పిండు. నేను విన్న."

"అవును."

"మరి ఎవరు నమ్మలేదు?"

నేనే నమ్మలేదని చెప్పాను. ఆ రోజు ఆయన నాకు కల్లు పోసిన దగ్గర్నుంచి, రాసి పంపని ఉత్తరం దాకా, ఏదీ దాచకుండా చెప్పాను. అంతా అయ్యాక ఆవిడ చేట తీసుకుని లోపలికి వెళ్లి తడిక వేసుకుంది. బయటికి వస్తుందేమోనని పొద్దు వాలేదాకా కూర్చున్నాను. రాలేదు.